కాళ్ల కింద పోకూడని కాయ

ఆ పొద్దున దామోదరసామి వేసుకున్న పథకం చాలా సులువైనది. ఒక కొబ్బరికాయ తీసుకోవాలి, భార్యను వెంటబెట్టుకోవాలి, మదురైలో విమానం ఎక్కాలి, హైదరాబాదులో దిగాలి. మరునాడు అక్కడ చెల్లెలు కార్తిక కూతురికి చెవులు కుట్టిస్తారు. పాపను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టించాలి. ఆ మేనమామ తనే.

ఇందులో కంగారు పడాల్సిందేముంది అనుకునేవాళ్లకు పాత సంగతి ఒకటి చెప్పాలి. పాపకు పేరు పెట్టిన రోజున ఈ మేనమామ మిరపకోతల్లో పడి రైలు అందుకోలేకపోయాడు. ఆయన కూర్చోవలసిన పీట మీద పాప నాన్న తరఫు దూరపు చుట్టం ఎవరో కూర్చుని, ఫొటోలో పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ తర్వాత చాలాకాలం కార్తిక అన్నతో మాట్లాడలేదు. ఈసారి తనే ఫోన్ చేసింది.

"అన్నా, ఈ తూరి గూడా రాకుంటే నాకు కూడబుట్టినోడు లేడనుకుంటా. వచ్చేటప్పుడు అమ్మ చెట్టు కాయ తీసుకోని రా. దాన్ని కొట్టినంకనే సెవి కుట్టేది."

అమ్మ చెట్టు అంటే, ఎట్టయాపురం దారిలో వాళ్ల నల్లరేగడి చేను పక్కన, పంపుసెట్టు నీళ్లు పారే చోట తల్లి గురువమ్మాళ్ నాటిన కొబ్బరిచెట్టు. తల్లి పోయినా చెట్టు కాపు మానలేదు. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆ చెట్టు కాయ కొట్టిన తర్వాతే మొదలవుతుంది. అంత దూరాన కాపురం ఉంటున్న చెల్లెలికి అమ్మ తాలూకు గుర్తంటూ మిగిలింది ఆ కాయేనని దామోదరసామికి తెలుసు. అందుకే చెట్టెక్కిన మనిషి చేత ఒకటికి పది కాయలు తట్టించి, చెవి దగ్గర ఆడించి, నీళ్ల చప్పుడు విని మరీ ఎంచుకున్నాడు.

విమానం నియమాల సంగతి చూసుకోవడానికి బావమరిది విఘ్నేశ్వరన్ ఉన్నాడు. విరుదునగర్‌లో మోటారు విడిభాగాల కొట్టు నడిపే ఇతగాడు రెండుసార్లు విమానం ఎక్కాడు. ఆ అనుభవంతో మొత్తం విమానయాన శాఖనే నెత్తిన వేసుకుని, వారం రోజులుగా పూటకో కొత్త నియమం అక్క ఫోనుకు పంపుతున్నాడు. మనిషికి ఒకే చేతిసంచి, అది ఏడు కిలోలు దాటకూడదు. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో వేయకూడదు, చేతిలోనే ఉండాలి. ఇది చదివింది మొదలు దామోదరసామి భార్య పొన్నుతాయి పవర్ బ్యాంకును కుడిచేత్తో పట్టుకుంది. పొద్దున దేవుడికి ఎడమచేత్తోనే దణ్ణం పెట్టుకుంది.

కాయను పెద్ద పెట్టెలో వేసి కిందికి పంపేస్తే ఏ గొడవా ఉండదని విఘ్నేశ్వరన్ మొదట్లోనే చెప్పాడు. పొన్నుతాయి ఒప్పుకోలేదు. సీరు, అంటే పుట్టింటి నుంచి వెళ్లే కానుక, కొంగులోనో నెత్తిమీదో వెళ్లాలి తప్ప నేలమీద కూడా పెట్టకూడదని ఆమె అత్తగారు నేర్పింది.

"పెట్టెలన్నీ మన కాళ్ల కింద కదయ్యా ఏస్తారు? దాని పైన నూరుమంది సెప్పులేసుకోని కూకుంటారు. సీరు కాళ్ల కింద పోవడం యాడన్నా ఉండాదా?"

అమ్మ చెట్టు కాయ మీద ఎవరి చెప్పులో ఉంటాయన్న ఊహ దామోదరసామికీ నచ్చలేదు. సరిగ్గా అప్పుడే విఘ్నేశ్వరన్ దగ్గర్నుంచి ఇంకో సందేశం వచ్చింది. కొబ్బరికాయను చేతిసంచిలో తీసుకుపోవచ్చునట, ఇప్పుడే కొత్తగా అనుమతి ఇచ్చారట. మొగుడూ పెళ్లామూ ఊపిరి పీల్చుకుని కారెక్కారు.

కోవిల్‌పట్టిలో వేరుశనగపప్పు, బెల్లంతో చేసే కడలైమిఠాయి కోసం ఆగారు. ఇక్కడ వాళ్ల ఇంటి అలవాటు ఒకటి చెప్పుకోవాలి. గడప దాటితే వాళ్లు మాట్లాడేది తమిళం. గడప లోపల తెలుగు. గడప బయట ఎదుటివాడికి తెలియకూడని మాట వస్తే మళ్లీ తెలుగు. బస్సులో, బట్టలకొట్టులో, తాలూకా ఆఫీసులో, మూడు తరాలుగా ఆ తెలుగు వాళ్లకు తాళం వేసిన బీరువాలా పనిచేస్తోంది. పొన్నుతాయి మిఠాయి ముక్క కొరికి, కొట్టువాడి ముఖం మీదే, "పాత సరుకు అంటగట్ట సూస్తా ఉండాడు దొంగమొగమోడు, వద్దను" అంది. దామోదరసామి కొట్టువాడివైపు తిరిగి, చాలా రుచిగా ఉందనీ వచ్చేటప్పుడు తీసుకుంటామనీ తమిళంలో తియ్యగా చెప్పాడు. కొట్టువాడు చేతులు జోడించాడు. పక్క కొట్టులో తాజావి దొరికాయి.

విరుదునగర్‌లో విఘ్నేశ్వరన్ ముఖం వేలాడేసుకుని కారెక్కాడు.

"బావా, కాయ కుదరదంట. నేను సగమే సదివినా. ఆ అనుమతి మాల ఏసుకోని మలకు పోయే సాములకంట. అదీ సీజనప్పుడే."

"పొద్దున పోవచ్చంటివే గదరా!"

"పొద్దున్న సంగతి పొద్దున్నే బావా. రూలు మారతానే ఉంటాది, నేనేమి సేసేది?"

కోవిల్‌పట్టి దాకా అనుమతి ఉన్న కాయకు విరుదునగర్ చేరేసరికి అనుమతి పోయింది. పొన్నుతాయి మాత్రం తొణకలేదు. కాయను పాప పట్టు పావడాలో చుట్టి సంచి అడుగున పెడతానంది. నెయ్యీ చేతిసంచిలో పోనివ్వరని తెలిసి, ఇంటి నెయ్యిని అప్పటికే కడిగిన పౌడరు డబ్బాలో పోసి ఉంచింది. ఇక మిగిలింది బరువు ఒక్కటే.

ముప్పై ఏళ్లుగా తన మిరపకాయలను తూచే ముత్తుపాండి మండీలోని కాటాను తప్ప దామోదరసామి లోకంలో ఏ కాటానూ నమ్మడు. కారును నేరుగా అక్కడికే పోనిచ్చాడు. పొన్నుతాయి సంచి సరిగ్గా ఏడు కిలోలు తూగింది గానీ, కాయ ఉన్న సంచి పదకొండు తూగింది. మండీలో మిరప బస్తాల మధ్య, గుండుమిరప దుమ్ములోనే సంచి విప్పి సర్దడం మొదలుపెట్టారు. పొన్నుతాయి కట్టుకున్న చీర మీద ఇంకో చీర చుట్టుకుంది. దామోదరసామి చొక్కా మీద చొక్కా, పంచె మీద పంచె వేసుకుని, జేబులనిండా కడలైమిఠాయి కుక్కుకున్నాడు. వైకాశి నెల నడివేసవి ఎండలో ఆయన బస్తాకు చేతులొచ్చినట్టు నిలబడ్డాడు. సంచి ఏడు కిలోలకు దిగింది. అడుగున పరిచిన తువ్వాలుకు ఎంత మిరప దుమ్ము అంటుకుందో ముత్తుపాండి కాటా చూపించలేదు.

మదురై విమానాశ్రయంలో విఘ్నేశ్వరన్ గుమ్మం బయటే ఆగిపోయాడు. టిక్కెట్టు లేనివాణ్ణి లోపలికి రానివ్వరన్న నియమం ఒక్కటీ వారం నుంచి మారలేదు. దంపతులిద్దరూ లోపలికి వెళ్లి వరసలో నిలబడ్డారు. పవర్ బ్యాంకు ట్రేలో పెట్టమన్న ఆడమనిషితో పొన్నుతాయి, చేతిలోనే ఉండాలని మీవాళ్లే చెప్పారు కదా అని తమిళంలో చాలాసేపు వాదించింది. ఆ గొడవలో సంచి యంత్రంలోకి వెళ్లి అవతలికి వచ్చింది, దాన్ని పక్కకు లాగేశారు.

సంచి దగ్గర నిలబడ్డ భద్రతా అధికారి నల్లగా, ఎత్తుగా, మీసాలతో ఉన్నాడు. తెరవమని సైగ చేశాడు. దామోదరసామి జిప్పు లాగాడు. అంతే, మండీ దుమ్ము ఒక్కసారిగా పైకి లేచింది. అధికారి తుమ్మాడు. ఆయన పక్కనున్న కుర్రది తుమ్మింది. వెనకనున్న వాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. చంటిపిల్లాడొకడు తుమ్మి, తన తుమ్ముకే జడుసుకుని ఏడుపు లంకించుకున్నాడు. వరస ఆగిపోయింది. ఎవరో పెద్దవాళ్లు వచ్చారు, ఎవరికో ఫోన్ చేశారు, ఎవరో తెల్ల కాగితంతో సంచిని తుడిచి, ఆ కాగితాన్ని యంత్రంలో పెట్టి చూశారు. మిరపకాయ తప్ప మరేమీ కాదని తేలేసరికి బోలెడు పొద్దు గడిచింది. దామోదరసామికి రెండు చొక్కాలూ తడిసిపోయాయి.

"లోపల ఏముంది?" అని అధికారి వచ్చీరాని తమిళంలో అడిగాడు.

"గుడ్డలు సార్. పౌడరు డబ్బా" అన్నాడు దామోదరసామి తమిళంలో, వినయంగా. వెంటనే భార్యవైపు తిరిగి తెలుగులో, "కాయ బాగా సుట్టినావా?" అన్నాడు.

"పావడా లోపల, అడుగున ఉండాది. నెయ్యి పౌడరు డబ్బాలో ఉండాది, మూత విప్పనియ్యొద్దు. నువ్వు బయపడొద్దయ్యా, నగుతా నిలబడు. ఈ మీసాలోణ్ణి సూడు, ఒట్టి మందమాదిరి ఉండాడు. రెండు మాటలు మంచిగా సెప్తే ఇడిసిపెడతాడు."

దామోదరసామి నవ్వుతూ నిలబడ్డాడు. అధికారి కూడా నవ్వాడు.

"అమ్మా, పావడా మీరే విప్పండి. నలిగిపోతాది" అన్నాడు, తెలుగులో. "ఆ పౌడరు డబ్బా కూడా ఇలాగియ్యండి. మాది పలాస దగ్గర. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినోణ్ణి. తెరమీద కాయ కనపడితే తెలీనంత మందమైతే కాదు."

పొన్నుతాయి చేతిలోంచి పవర్ బ్యాంకు జారి ట్రేలో పడింది. మూడు తరాల బీరువా అలా బార్లా తెరుచుకుంటే ఏం చేయాలో ఆ దంపతులకు ఎవరూ నేర్పలేదు. దామోదరసామి నవ్వు ఆపడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. ఆ నవ్వుముఖంతోనే చెల్లెలి సంగతి, చెట్టు సంగతి, పీట మీద కూర్చున్న దూరపు చుట్టం సంగతి మొత్తం చెప్పేశాడు.

"సారూ, కాళ్ల కిందనే పోనీ సారూ. కింద పెట్టెల్లోనే ఏసేయండి" అంది పొన్నుతాయి కళ్లనీళ్లతో.

"పెట్టెలు తీసుకునే కౌంటరు మూసేశారమ్మా. తుమ్ములతో పొద్దు పోయింది కదా. మీ ఇద్దరినీ పంపగలను గానీ కాయనూ నెయ్యినీ పంపలేను." అధికారి కాయను రెండు చేతులా తీసుకున్నాడు. "మీ మాట వింటుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడా ఇలాగే పాతమాటలు మాట్లాడేది. డ్యూటీ దిగాక దేవుడి దగ్గర నేనే కొడతాను. మీ అమ్మగారి పేరు చెప్పండి."

"గురువమ్మాళ్" అన్నాడు దామోదరసామి.

హైదరాబాదులో దిగి టాక్సీ ఎక్కాక పొన్నుతాయి తేరుకుంది. కార్తిక ఉండే వీధి మలుపులో కారు ఆపించి, అక్కడి కొట్టులో ఒక కొబ్బరికాయ కొంది. అమ్మ చెట్టు కాయంతే ఉంది, దానికీ అలాంటి పిలకే ఉంది. కాయను తువ్వాల్లో చుట్టి, సంచి అడుగున పెట్టి, "ఈ కాయ సంగతి పానం పోయినా ఎవరికీ సెప్పొద్దు" అంది.

"ఏ కాయమ్మా?" అన్నాడు టాక్సీ డ్రైవరు వెనక్కి తిరిగి.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఈ ఊళ్లో డ్రైవరు మొదలుకొని గోడమీది అక్షరాల దాకా అంతా తెలుగే. దామోదరసామి బాగా ఆలోచించి, ఇక్కడున్నన్నాళ్లూ రహస్యాలన్నీ తమిళంలోనే మాట్లాడుకోవాలని నిర్ణయించాడు.

మరునాడు పొద్దున పాప మేనమామ ఒడిలో కూర్చుని, సూది కనబడగానే ఆయన మీసం పట్టుకుని పీకింది. ఆయనకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు. దూరపు చుట్టం ఈసారి గోడవార నిలబడ్డాడు. కార్తిక కాయను చేతుల్లోకి తీసుకుని, ముఖం దగ్గర పెట్టుకుని గాఢంగా వాసన పీల్చింది. తుమ్మింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"వదినే! మన ఊరి మిరప వాసన! మన సేను వాసన వస్తా ఉండాది! అమ్మ వచ్చినట్టే ఉండాది అన్నా!"

కాయ కొట్టి నీళ్లు తీర్థంలా పంచింది. అమ్మ చెట్టు తీపి ఈ ఊళ్లో ఎక్కడ వెతికినా దొరకదని అందరికీ చెప్పింది. అందరూ తాగి ఔనన్నారు. దూరపు చుట్టం రెండోసారి అడిగి తాగాడు.

భోజనాల దగ్గర దామోదరసామి కలిపిన ముద్దనే మళ్లీ కలుపుతూ కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ చెల్లెలు అన్న చేయి వదలకుండా తిరుగుతోంది. ఎదురుగా కార్తిక అత్తగారు పప్పు వడ్డిస్తోంది. ఆయన పొన్నుతాయి వైపు ఒరిగి, అచ్చమైన తమిళంలో గొణిగాడు.

"చెప్పేద్దామా? పాపం, చెట్టు కాయనుకుని ఎంత మురిసిపోతోందో చూడు."

"నోరు మూసుకుని తినండి" అంది పొన్నుతాయి, తనూ తమిళంలోనే. "వీధి మలుపులో కొన్నామని మనిద్దరికీ కొట్టువాడికీ తప్ప ఎవరికి తెలుసు? ఆ అత్తగారికి గనుక తెలిసిందో, మీ చెల్లెల్ని జన్మంతా దెప్పుతుంది. ముఖం చూశారా, ఉప్పు లేని పప్పులా."

పప్పు గరిటె విస్తరి మీద ఆగింది.

"ఉప్పు సరిపోయిందా? ఇంకొంచెం వేయమంటారా?" అంది అత్తగారు, పొన్నుతాయి తమిళం కంటే తేటైన తమిళంలో. "మా ఆయన రైల్వేలో చేసేవారు. ఇరవై ఏళ్లు పెరంబూరులో కాపురం ఉన్నాం." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కోడలికి చెప్పనులెండి. దాని ముఖంలో ఇంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ మలుపు కొట్టులో అన్నీ లేతకాయలు. వచ్చేసారి ముందే ఫోన్ చేయండి, మంచి కొట్టు నేను చూపిస్తాను."

ఆ తర్వాత విస్తళ్లు ఎత్తేదాకా ఆ దంపతులు తినడానికి తప్ప నోరు తెరవలేదు, ఏ భాషలోనూ.