మిలోసావ్ ఆత్మకు రెండు చైన్ సెట్లు

శనివారంలోగా కావలసిన పనులు ఇవి: గోధుమలు ఉడికించి పంచదార, అక్రోటు పొడి కలపాలి. చర్చి పూజారికి గుర్తు చేయాలి. కొవ్వొత్తులు తేవాలి. సమాధి మీద పోయడానికి ఇంట్లో కాచిన పళ్ళ సారా, అదే రాకియా, వడకట్టాలి. నాన్న కారు ఇంజను బిగించాలి.

వెలిమిర్‌కు కంటి మీద కునుకు లేకుండా చేసింది ఆ చివరి పనే. నాన్న మిలోసావ్ పోయి ఏడాది. సమాధి కొండ మీది పాత ఊళ్ళో ఉంది. "ఆయన కారులో అయితేనే వస్తా. లేదంటే ఇంట్లోనే దీపం పెట్టుకుంటా" అని అమ్మ స్తానికా తేల్చేసింది. ఆవిడ ఒకసారి తేల్చాక మాట మార్చిన దాఖలా లేదు.

మంగళవారం పొద్దున అతని ఆలోచన చిన్నదే. కాఫీ తాగి, పట్నం వెళ్ళి, ఇంజను వాల్వుల్ని నడిపే టైమింగ్ చైన్ సెట్ కొని మెకానిక్ స్రేతెన్‌కు ఇవ్వడం. ఆ పాత డీజిల్ కారుకు అసలు కంపెనీ సెట్లు ఎప్పుడో ఆగిపోయాయి. బయటి కంపెనీలవే దిక్కు. "చైను, పళ్ళ చక్రాలు, చైను బిగువు పట్టే టెన్షనర్ అన్నీ ఒకే సెట్‌వి తే. అదొకటి ఇదొకటి కలిపావో, చైను జారి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. అప్పుడు మీ నాన్న పక్కనే ఇంజన్ని కూడా పాతిపెట్టాలి" అని స్రేతెన్ ముందే హెచ్చరించాడు.

కాఫీ ముగియకముందే కుమ్ రాయ్కో వచ్చాడు. మిలోసావ్ పెళ్ళికి సాక్షిగా నిలిచినవాడు. మావాళ్ళలో కుమ్ అంటే తోడబుట్టినవాడికన్నా ఒక మెట్టు పైనే. బల్ల మీద చైన్ సెట్ పెట్టె పెట్టి సిలువ గుర్తు వేసుకున్నాడు.

"జర్మనీది. మీ నాన్న ఆత్మ కోసం."

పోయినవాళ్ళ ఆత్మ కోసం ఇచ్చినదాన్ని మా వైపు ఎవరూ కాదనరు. వెలిమిర్ లేచి నిలబడి రెండు చేతులా అందుకున్నాడు.

మధ్యాహ్నం మేనమామ బోరివోయ్ ఇంకో పెట్టెతో దిగాడు. "ఇటలీదిరా అల్లుడూ! బావ ఆత్మ కోసం."

వెలిమిర్ మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"రాయ్కో కూడా ఏదో తెచ్చాడటగా? అది గాని బిగించావో, సంవత్సరీకం భోజనానికి నేను కూర్చోను."

"మీదే వేయిస్తా మావయ్యా."

సాయంత్రం రాయ్కో మళ్ళీ వచ్చాడు. "ఆ బోరివోయ్ డబ్బా ఇంజన్లోకి వెళ్ళిందా, నేను నీ గడప తొక్కను."

"మీదే వేయిస్తా కుమ్."

అబద్ధమాడే అలవాటు లేక వెలిమిర్‌కు జ్వరం వచ్చినంత పనైంది. మర్నాడు రెండు పెట్టెలూ స్రేతెన్ ముందు పెట్టాడు.

"వీటిలో ఏది వేస్తావో నాకు చెప్పకు. తెలియకపోతే, తెలియదని ఒట్టేసి చెప్పగలను."

"మధ్యలో నన్నెందుకయ్యా ఇరికిస్తావు?"

"నువ్వు బంధువు కాదు కాబట్టి."

శనివారం కారు ఒక్క తిప్పుకే లేచింది. ఎవరి సెట్ పాడే పాట వాళ్ళే వినాలని మావయ్యా, కుమ్ ఇద్దరూ వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు. మధ్యలో గోధుమల గిన్నె. ముందు సీట్లో ఒళ్ళో బుట్టతో అమ్మ.

"విన్నావా? జర్మన్ పనితనం."

"చెవులు కడుక్కో. అది ఇటలీ."

"ఒరే వెలిమిర్, ఎవరిది వేశావో నువ్వే చెప్పు!"

"నాకు తెలియదు."

ఆ వారంలో అతను చెప్పిన మొదటి నిజం అదే. ఎవరూ నమ్మలేదు. వెనక వాళ్ళిద్దరూ ఏకీభవించింది ఒక్కదాని మీదే: టర్కీ సరుకైతే మొదటి మలుపులోనే ముక్కలయ్యేది. మలుపులన్నీ దాటి కారు కిక్కురుమనకుండా కొండెక్కింది.

పూజారి ప్రార్థన ముగించాడు. కొవ్వొత్తులు వెలిగాయి. అమ్మ బుట్టలోంచి మిలోసావ్‌కు ఇష్టమైన సిగరెట్లు తీసి సమాధి మీద పెట్టింది, పక్కన కాఫీ గ్లాసు పెట్టింది. ఆ తర్వాత సీలు విప్పని రెండు పెట్టెలు పెట్టింది.

"అక్కా, ఇవి..."

"ఆయన ఆత్మ కోసమన్నారుగా. ఆయనకే తెచ్చాను."

"మరి ఇంజన్లో ఉన్నదేమిటి?" ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"ఏది వేయమంటావమ్మా అని స్రేతెన్ పెట్టెలు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. వెలిమిర్ వాళ్ళ నాన్న పోకముందే ఒక సెట్ కొని రాకియా సీసాల వెనక దాచాడు. మీ ఇద్దరికీ తెలిస్తే బతకనివ్వరట. అదే ఇచ్చాను."

"ఏ దేశానిది?"

"టర్కీది."

రాయ్కో సమాధి మీద రాకియా చాలా నెమ్మదిగా పోశాడు. బోరివోయ్ టోపీ తీసి, అందులోకి చూస్తూ నిలబడ్డాడు. వెలిమిర్ పక్కనే నిలిపిన కారు దగ్గరికి వెళ్ళి, ఇంకా వెచ్చగా ఉన్న బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

కారులో కొండ దిగేటప్పుడు బోరివోయ్ మెల్లగా అన్నాడు: "కాస్త చప్పుడొస్తోంది కదూ?"

"నేనూ విన్నాను" అన్నాడు రాయ్కో. భోజనానికి ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

ఎప్పుడైనా ఒక పాత కారు చప్పుడు లేకుండా కొండెక్కడం మీరు చూస్తే, మిలోసావ్‌ను ఒకసారి తలుచుకోండి. అందులో ఉన్నది ఏ దేశపు చైనో మాత్రం అడగకండి.