లైసెన్సు లేని తాళంచెవి

ఆ ఉదయం తాళాలాయన అనుకున్నది చిన్న పని. తొమ్మిదింటికి కొట్టు తెరిచి, ఒక టీచరమ్మ ఇచ్చివెళ్లిన పెట్టె తాళం బాగుచేసి, మధ్యాహ్నంలోగా కూతురి కాలేజీకి వెళ్లి దరఖాస్తు ఇచ్చి రావాలి.

ఇరవై రెండేళ్లుగా ఆ ఊళ్లో తాళాలు బాగుచేసేది ఆయనొక్కడే. జనం ఆయన అసలు పేరు ఎప్పుడో మర్చిపోయారు. చేతిలో పనితనం ఎంతో, గుండెలో బెరుకూ అంతే. పోస్టుమాన్ సంతకం పెట్టమన్నా నోరెండిపోయేది. అలాంటివాడి నెత్తిన మునిసిపాలిటీ పోయిన నెల ఓ కొత్త నిబంధన పెట్టింది. లైసెన్సు లేనిదే ఎవరూ తాళం ముట్టుకోకూడదు. అది కావాలంటే, అప్పటికే లైసెన్సు ఉన్నవారి దగ్గర ఆరు నెలలు పని నేర్చుకోవాలి. ఊళ్లో అలాంటివాడు ఒక్కడూ లేడు. గడువు నిన్నటితో తీరిపోయినా, పొట్టకోసం కొట్టు తెరవక తప్పలేదు.

ఆయన టీ తాగుతూ పేపరు విప్పాడు. మూడో పేజీలో ఓ ఉత్తరం కనిపించింది.

"నా పని బాగుందో లేదో చెప్పాల్సింది నాచేత తాళం తీయించుకున్నవాళ్లు, కుర్చీల్లో కూర్చున్న అధికారులు కాదు. పని చేతకానివాడి దగ్గరికి జనం రెండోసారి రారు. అంతకు మించిన లైసెన్సేముంది? ఇట్లు, ఓ తాళాల పనివాడు."

టీ కాస్తా పేపరు మీద ఒలికింది. ఇది కచ్చితంగా బావమరిది రాతే. అతనికి జిరాక్సు కొట్టుంది. వ్యాపారం జోలికి ప్రభుత్వం రాకూడదని, వచ్చినవాళ్లందరికీ ప్రతి కాపీతోనూ ఓ ఉపన్యాసం ఉచితంగా ఇస్తాడు.

"ఏం పని చేశావురా!" అన్నాడు ఫోనులో.

"బాగుంది కదా బావా? నీ పేరు ఎక్కడా వెయ్యలేదు."

"ఊళ్లో తాళాలు బాగుచేసేవాళ్లు ఎంతమందిరా?"

"అది తట్టలేదు బావా."

అంతలో మునిసిపాలిటీ జీపు వీధి మలుపు తిరిగింది. తాళాలాయన పై ప్రాణాలు పైనే పోయాయి. చటుక్కున షట్టరు లాగి, లోపల్నుంచి తాళం వేశాడు. ఆ కంగారులో తాళంచెవి విరిగి సగం లోపలే ఉండిపోయింది.

"తలుపు తియ్యండి! మిమ్మల్ని వెంటనే తీసుకురమ్మన్నారు!" అని షట్టరు మీద దబదబా బాదారు.

చీకట్లో భార్యకు ఫోను చేశాడు. "నా మాత్రలూ, రెండు చొక్కాలూ సంచిలో పెట్టు. పిల్లకి ఇప్పుడే చెప్పకు."

"ఏవండీ, ఏమైందండీ?" అని ఆవిడ అరుస్తుండగానే ఫోను చేజారి కింద పడింది. అవతల ఆవిడకు వినిపించింది ఆ బాదుడొక్కటే.

మొగుణ్ణి పట్టుకుపోతున్నారని ఆవిడ తమ్ముడికి చెప్పింది. కొడుతున్నారని అతను వీధివాళ్లకు చెప్పాడు. పావుగంటలో కొట్టు ముందు యాభైమంది చేరి, తాళాలాయన్ను వదిలిపెట్టాలంటూ నినాదాలు మొదలుపెట్టారు. ఆయన లోపలే ఉన్నాడన్న సంగతి గుంపులో ఎవరికీ తెలియదు. జీపువాళ్లు బెదిరిపోయి పోలీసులను పిలిచారు. పోలీసు జీపు కూత వినగానే తాళాలాయన గోడకు అతుక్కుపోయాడు. జైలు సంగతి సరే, పిల్ల చదువేం కాను?

చివరికి లైసెన్సుల అధికారిణి స్వయంగా వచ్చి షట్టరు దగ్గర వంగింది.

"అయ్యా, లోపల ఉన్నారా? మా ఆఫీసు బీరువా తాళంచెవి పోయింది. పదకొండింటికి పైనుంచి తనిఖీకి వస్తున్నారు. మీరొచ్చి తీయకపోతే నా ఉద్యోగం పోతుంది."

గుంపు గప్‌చుప్ అయిపోయింది. లోపల్నుంచి సన్నగా గొంతు వినిపించింది.

"లైసెన్సు లేకుండా తీస్తే నేరం కదమ్మా?"

"నేరమేనండీ."

"మరి లైసెన్సు ఇప్పించండి."

"ఆ పుస్తకం, ముద్ర ఆ బీరువాలోనే ఉన్నాయండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. తాళాలాయనకు మాత్రం నవ్వు రాలేదు.

"అమ్మా, నా తాళంచెవి కూడా విరిగింది. దీన్ని విప్పుకుంటే కేసు పెట్టరు కదా?"

"దీనికీ, బీరువాకీ కూడా పెట్టనండీ, మా అమ్మ మీద ఒట్టు!"

తాళం స్క్రూలు విప్పి ఆయన బయటపడ్డాడు. అప్పటికే పరుగున వచ్చిన భార్య ఆయన ఒంటి మీద దెబ్బలు వెతికింది. ఆఫీసులో అందరూ చూస్తుండగా, వణికే చేతులతోనే నాలుగు నిమిషాల్లో బీరువా తెరిచాడు. మొదటివాడు గనక శిక్షణ అక్కర్లేదని రాసి, అధికారిణి ఒకటో నంబరు లైసెన్సు ఆయన చేతిలో పెట్టింది.

వారం తర్వాత బావమరిది హుషారుగా వచ్చాడు.

"బావా, ఇంకో ఉత్తరం రాశాను. ఆ నిబంధన ఎత్తేసేదాకా వదలొద్దు."

"ఉండరా, ఇప్పుడేం తొందర?" అన్నాడు తాళాలాయన, వీధి చివరికి చూస్తూ. అక్కడ ఎవరో కొత్త మనిషి తాళంచెవులు కోసే మిషను దింపుతున్నాడు.

తాళాలాయన చెప్పులేసుకుని తిన్నగా వెళ్లి, జీవితంలో మొదటిసారి ఏమాత్రం వణుకు లేని గొంతుతో అడిగాడు.

"లైసెన్సుందా?"