నాయన పేరు పెట్టిన బండి

ఆ సోమవారం పొద్దున తంగరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగడం, తిరువళ్లూరులో వరదన్ షెడ్డుకు పోయి బండికి ఇంజను ఖాయం చేయడం, బోర్డు మీద పేరు రాయించడం, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. తంగరాజూ అనుకున్నాడు, పాపం.

బండి అంటే మామూలు లారీ కాదు. మిలిటరీవాళ్ళు అరిగేదాకా వాడి వేలంలో వదిలించుకున్న ట్రక్కు. ముందు చక్రాలూ వెనక చక్రాలూ కలిసి లాగుతాయి కాబట్టి దారి లేని చోటికి కూడా పోతుంది. దాని పెట్రోలు ఇంజనును మేపడం మాత్రం మిలిటరీకే చెల్లు. అందుకే అది తీసేసి డీజిలు ఇంజను పెట్టించాలనుకున్నాడు. తిరుత్తణి పక్క గుట్ట మీది క్వారీలో రాయి దింపే పని కాంట్రాక్టరు శివప్రకాశం చేతిలో ఉంది. "శుక్రవారం నా కండ్ల ముందర గుట్ట ఎక్కించి చూపీ, పని నీదే" అన్నాడాయన. ఏళ్ల తరబడి ఊళ్ళోవాళ్ళ లారీలు తోలి "ఒరే డ్రైవరూ" అనిపించుకున్న తంగరాజుకు, జనం నోట "తంగరాజు బండి" అన్న మాట ఒక్కసారి వినాలని ఉంది. గుట్ట ఎక్కకపోతే మళ్ళీ పాత ఓనరు గడప ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

బోర్డు మీద తన పేరే రాయించుకుందామనుకున్నాడు. కానీ అరుగు మీద తండ్రి ఆదికేశవులు మూతి ముడుచుకుని కూర్చునున్నాడు. ఈ ఇనుప ముక్క కోసం తన ఎద్దుల జతను అమ్మేశారని ఆయనకు కడుపుమంట. భార్య వనజాక్షి కాఫీ లోటా అందిస్తూ గొంతు తగ్గించి, "బండికి మామ పేరు పెట్టండి. కోపం అదే దిగిపోతాది" అంది. తంగరాజు లోటా కింద పెట్టి, వెళ్ళి అడిగాడు.

"నా పేరా?" ముసలాయన లేచి నిలబడ్డాడు. "పెద్దక్షరాలతో రాయించాల. ఉండు, నేనూ వస్తా."

ప్లాను చెడింది అక్కడే.

షెడ్డులో వరదన్ రెండు ఇంజన్లు చూపించాడు. "అన్నా, ఇది ట్రాక్టరుది. నింపాదిగా పోతాది గానీ గుట్టకు ఇదే సరి. అది పాత బస్సుది. బలం జాస్తి, మీ బండిలో ఇమడదు."

"ట్రాక్టరుదా?" అన్నాడు ఆదికేశవులు. "నెత్తిన నా పేరు రాసి, కడుపులో దుక్కి దున్నే ఇంజను పెడతారా? కడంబత్తూరు దాకా నగతారు. బస్సుదే పెట్టు!"

"ఇమడదు పెద్దాయనా."

"ఇమడకపోతే ఇమిడించు. దానికే గదా నువ్వు మెకానిక్కువి!"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తంగరాజు తండ్రి వైపే తలూపాడు. బస్సు ఇంజను పొడవు, కాబట్టి బానెట్టు కోశారు. అయినా పట్టలేదు, కాబట్టి ఇంజను సగం క్యాబిన్‌లోకి చొరబడింది. దానికి చోటివ్వడానికి సీటు వెనక్కి జరిగింది. ముందు చక్రాలకు బలం అందించే లివరు అడ్డమొస్తే దాన్ని పక్కకు వంచారు. ఆదికేశవులు రోజూ వచ్చి ఇవేవీ చూడకుండా తన పేరులోని అక్షరాలు మాత్రం చూసుకుని వెళ్ళేవాడు.

శుక్రవారం పొద్దున శివప్రకాశం నేరుగా ఇంటికే వచ్చాడు. అప్పటికే తండ్రీకొడుకులు వరదన్‌ను ఎక్కించుకోవడానికి బండి తీసుకుని షెడ్డుకు వెళ్ళిపోయారు.

"గేటు వాచ్‌మేనుకు చెప్పాలమ్మా. మీ బండి పేరేమి?"

మామ పేరు కోడలి నోట రావడం ఆ ఇళ్ళలో లేదు. వనజాక్షి కొంగు సర్దుకుని, "మా మామ పేరేనయ్యా" అంది.

"మీ మామ పేరేమి?"

"బండి మీద రాసుండాది గదా."

"బండి యాడుండాది?"

"గుట్ట కాడికి పోతా ఉంటాది."

"ఎన్నమ్మా ఇదు, ఇదేమి కథ!" అని తల పట్టుకుని ఆయన గుట్ట దారి పట్టాడు. క్వారీ గేటు దగ్గర వాచ్‌మేనుతో, "ఎవరిదో మామ పేరు పెట్టిన బండి వస్తాది, వదులు" అని మాత్రం చెప్పగలిగాడు. ఆ వాచ్‌మేను ఖచ్చితమైన మనిషి. "ఈ పేరు ఎవురికి మామ?" అని తంగరాజును ఆపేశాడు. "నా పెండ్లానికి" అంటే, "ఆమెను పిలుచుకోని రా" అన్నాడు. శివప్రకాశం పైనుంచి చూసి కేకేసేసరికి ఎండ ముదిరింది, ఆయన కోపమూ ముదిరింది.

తంగరాజు స్టీరింగు ముందు, పక్కన కొత్త పంచెలో ఆదికేశవులు, ఫుట్‌బోర్డు మీద వరదన్. బండి సగం గుట్ట దాకా ఉరుముతూ ఎక్కింది. దారి నిట్టనిలువుగా లేచిన చోట వెనక చక్రాలు ఊరికే తిరగడం మొదలుపెట్టాయి.

"ముందు చక్రాల లివరు వెయ్యన్నా!"

తంగరాజు రెండు చేతులతో లాగాడు. కదలలేదు.

"చేత్తో రాదు, వంచినాము గదా. కాలితో ఒక తన్ను తన్నాల."

తంగరాజు కాలెత్తాడు. పక్కన తండ్రి చూశాడు. కాలు దిగింది. "నాయన పేరుండే బండిని తంతానా? నువ్వు తన్ను."

"పెద్దాయన పక్కన కూసోనుండగానా? నా వల్ల కాదప్పా."

దారి పక్క రాళ్ళు కొట్టేవాళ్ళంతా వాళ్ళ ఊరివాళ్ళే. పిలిస్తే ఒక్కడూ రాలేదు. "ఆయప్ప మాకు పెద్ద దిక్కు, కాలెట్ల పెడతాము?" అన్నారు. ఈలోగా బండి మెల్లగా వెనక్కి జారసాగింది. అందరూ పరుగెత్తి చక్రాల కింద రాళ్ళు పెట్టారు, మర్యాదగా. శివప్రకాశం గొడుగు మడిచి, "సాలు సాలు, వేరే బండి చూసుకుంటా" అని వెనుదిరిగాడు. తంగరాజుకు ఏడుపొచ్చింది. స్టీరింగు మీద తల వాల్చేశాడు.

ఆదికేశవులు కొడుకు వీపు చూశాడు. సరిగ్గా అప్పుడే కింద ఎవడో, "ఆదికేశవులు పని అయిపోయిందిరా!" అన్నాడు.

"ఎవడ్రా అది!" ముసలాయన పంచె ఎగ్గట్టాడు. "నా పేరును నేను తన్నుకుంటే అడిగేదెవడు?" అని, అమ్ముకున్న ఎద్దుల మీది దిగులంతా కాలిలోకి తెచ్చుకుని లివరును ఒక్క తన్ను తన్నాడు. లోపల ఖణేల్మంది. తంగరాజు ఉలిక్కిపడి లేచి యాక్సిలరేటరు తొక్కాడు, ముందు చక్రాలు నేలను పట్టాయి. బండి ఒక్క ఊపున గుట్ట మీదికి పోయి నిలబడింది.

శివప్రకాశం వెనక్కొచ్చాడు. "పని నీకే. కానీ రోజంతా ఎక్కతానే ఉండాల. ప్రతి లోడుకూ పెద్దాయన వస్తాడా?"

ఆదికేశవులు బొటనవేలు అప్పటికే వంకాయలా వాచింది. "నా వల్ల కాదు. పేరు మార్చండి" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ నడిచింది. దేవుడి పేరా, తన్నితే కళ్ళు పోతాయి. ఊరి పేరా, ఊరంతా తగువుకొస్తుంది. కోడలి పేరు పెడదామా అంటే, "ఆడబిడ్డ పేరును కూలోళ్ళు కాళ్ళతో తంతారా?" అని ముసలాయన కసిరాడు. ఎవరిని తన్నితే ఎవరికీ బాధ ఉండదో తేలలేదు.

అన్నం వడ్డిస్తున్న వనజాక్షి మొగుడి పేరు కూడా పలకకూడదు కాబట్టి, గడ్డంతో మొగుడి వైపు చూపించింది.

"అద్గదీ!" అన్నాడు ఆదికేశవులు. "వాణ్ణి చిన్నప్పటి నుంచి తంతానే ఉండా."

మర్నాడే పెయింటరు వచ్చి పాత పేరు చెరిపి, కొత్తది ఎర్రరంగుతో రాశాడు. తంగరాజు రోడ్డు అవతలికి వెళ్ళి అక్కడి నుంచి ఒకసారి, దగ్గరికొచ్చి ఒకసారి చదువుకున్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు.

సోమవారం మొదటి లోడుకు గుట్ట ఎక్కేటప్పుడు, ఓనరు గదా అని మర్యాదకు మొదటి తన్ను తంగరాజునే తన్నమన్నారు.