నీడనిచ్చిన నేరం

చెట్టంటే ఏమిటన్న దానిపై శాస్త్రవేత్తలు ఇంకా తర్జనభర్జన పడుతుండవచ్చు గానీ, నగర కార్యాలయానికి ఆ సందేహం లేదు. చెట్టు అనగా, అనుమతి లేకుండా రోడ్డుపక్క నిలబడి, ఏటేటా ఎత్తు పెంచుకుంటూ పోయే కట్టడం.

వీధంతా దర్జీ పిన్ని అని పిలిచే ఆవిడకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. ప్రకటన బోర్డుకు అడ్డొస్తోందని తన దుకాణం ముందున్న చెట్టును కొట్టేస్తారని విని, మిషను ఆపి, ఫోన్‌లో ఫిర్యాదుల యాప్ తెరిచింది. అందులో స్తంభం ఉంది, గుంత ఉంది, కుక్క ఉంది. చెట్టు మాత్రం లేదు. ఏదో ఒకటి నొక్కితే గానీ యాప్ ముందుకు కదలనంది. పిన్ని 'ఆక్రమణ' నొక్కింది.

తెల్లారేసరికి చెట్టుకు నోటీసు అంటించారు, తనంతట తానే ఖాళీ చెయ్యమని. చెట్టు చెయ్యలేదు. (మొండితనం అని ఫైల్లో రాసుకున్నారు.) విచారణకూ రాకపోవడంతో, దాని తరఫున పిన్నిని నిలబెట్టారు.

"ఏం చేస్తుంటుంది?" అడిగాడు విచారణాధికారి.

"నీడనిస్తుందండీ. దుమ్ము పట్టుకుంటుంది. వాననీళ్లు నేలలోకి దింపుతుంది. నిరుడు మా బోరు ఎండిపోలేదంటే దాని చలవే. కొమ్మల్లో పిట్టలు కాపురాలుంటాయి."

"అద్దె తీసుకోకుండానా?"

"అవునండీ."

"అంటే లైసెన్సు లేని లాడ్జి. పైగా మంచినీళ్ల శాఖ పనిలో జోక్యం."

"అయ్యా, అది చెట్టండీ!" అంది పిన్ని. "దాని కిందే ఉయ్యాల కట్టి మా పిల్లను పెంచాను. ఒక్కపూట ఆ ఎండలో మిషను తొక్కి చూడండి, తెలుస్తుంది."

అధికారి మెత్తబడ్డాడు. (మెత్తబడకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు.) గొంతు తగ్గించి, "చూడమ్మా, కేసు తేలేదాకా ముద్దాయిని ఎవరూ ముట్టుకోకూడదు. తేల్చాల్సింది మేమే," అన్నాడు.

పిన్నికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అయ్యాక, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, పరుగున వీధికొచ్చి ఇల్లిల్లూ తిరిగింది. "మీ చెట్ల మీద ఫిర్యాదులు పెట్టండర్రా!"

నెల తిరిగేసరికి ఆ వీధి చెట్లన్నీ ముద్దాయిలయ్యాయి. నీడ దట్టంగా ఉంది. వాయిదాలు అంతకన్నా దట్టంగా ఉన్నాయి.

పక్కవీధి చెట్టు మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. కార్యాలయమే చొరవ తీసుకుని విచారించి, అది నిర్దోషి అని ప్రకటించింది. మర్నాడు కొట్టేశారు.