చావాల్సిన ఐదు నల్లరాళ్ళు

బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి కంపెనీ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు, అంటే ఏఓ, తన ఆఫీసు గది తలుపు తీసేసరికి, చచ్చిపోయాయని ఆయన ముందురోజే తేల్చేసిన ఐదు నల్లరాళ్ళు బతికి ఉన్నాయి.

ఆ ఉదయం ఆయన అనుకున్న పనులు రెండే. ఆ ఐదు రాళ్ళనూ బోర్డు మీంచి తీసేసి మామగారికి ఫోన్లో చెప్పడం ఒకటి. సీటింగ్ ప్లాను గీయడం రెండోది. కంపెనీ పై అంతస్తు అద్దెకు తీసుకుంది. అకౌంట్స్, సేల్స్ సెక్షన్లు రెండూ అక్కడికి మారాలి. ఎవరి బల్ల ఎక్కడ వేయాలో గీసి శుక్రవారం జీఎంకు ఇవ్వాలి. ఏఓ అప్పటికి ఇంకా పెన్సిలు చెక్కలేదు.

ఆట పేరు గో. గళ్ళ బోర్డు మీద గీతలు కలిసేచోట ఒకరు నల్లరాయి, ఇంకొకరు తెల్లరాయి వంతులవారీగా పెడతారు. ఎవరు ఎక్కువ చోటు చుట్టుకుంటే వారిది గెలుపు. అన్ని వైపులా చుట్టేసి ఊపిరాడకుండా చేస్తే ఆ రాళ్ళు చచ్చినట్టు. వాటిని తీసి డబ్బా మూతలో వేస్తారు. ఏఓ ఈ ఆట మీద అలమర నిండా పుస్తకాలు కొన్నారు. మామగారికి నేర్పింది కూడా ఆయనే. మామగారు సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. నేర్పిన ఆదివారం ఏఓ గెలిచారు. తర్వాత గెలవలేదు.

బలహీనుడికి ఆట మొదలుకాకముందే కొన్ని రాళ్ళు బోర్డు మీద పెట్టి ఇవ్వడం గోలో మర్యాద. మామగారు అల్లుడికి నాలుగు రాళ్ళు ఇవ్వసాగారు. ఆ మర్యాద ఒకసారి తోడల్లుళ్ళ ఎదుట జరిగింది. అప్పటినుంచి అత్తవారింట్లో ఏఓ పేరు నాలుగు రాళ్ళ అల్లుడు.

"నాలుగు రాళ్ళు వెనకేయండి మహాప్రభో అంటే, మా నాన్న దగ్గర నాలుగు రాళ్ళు పట్టుకొచ్చారు," అంది భార్య.

ఒక్క ఆట సమానంగా ఆడదామని ఏఓ మామగారిని బతిమాలుకున్నారు. గెలిస్తే ఇక రాళ్ళివ్వకూడదు. ఓడితే ఈ జన్మకు నాలుగు రాళ్ళే. మామగారిది వేరే ఊరు. ఇద్దరూ చెరో బోర్డు పెట్టుకుని ఎత్తులు ఫోన్లో చెప్పుకుంటున్నారు. నల్లరాళ్ళు ఏఓవి, తెల్లవి మామగారివి. భోజనాల బల్ల మీద భోజనమే ఉండాలని భార్య తీర్పు ఇవ్వడంతో ఏఓ బోర్డు ఆఫీసుకు మారింది. ఎవరైనా అదేమిటని అడిగితే ఏం చెప్పాలో కూడా ఆయన సిద్ధం చేసుకున్నారు. ఎవరూ అడగలేదు.

బుధవారం ఆయన వంగి చూశారు. మూలన ఐదు నల్లరాళ్ళ వెనక వరసగా మూడు ఖాళీలుండేవి. మధ్య ఖాళీలో ఇప్పుడు ఆరో నల్లరాయి ఉంది. దాంతో లోపల రెండు ఖాళీలు విడివిడిగా మిగిలాయి. అలా రెండు గాలికంతలున్న గుంపును ఎవరూ చంపలేరు. ఏఓ కొన్న ప్రతి పుస్తకంలోనూ రెండో అధ్యాయం ఇదే. వంతు కూడా నల్లరాళ్ళదే. పుస్తకంలో తెలిసిన సంగతి ఆయనకు బోర్డు మీద కనపడలేదు, అంతే.

నిన్న సాయంత్రం పరధ్యానంలో తన చెయ్యే ఆ పని చేసి ఉంటుందని ఆయన నిర్ణయించారు. ఫోను తీశారు.

"మామయ్యగారూ, ఆ ఐదూ పోలేదండి. మధ్యలో పెట్టాను."

అవతల బోర్డు మీద రాయి పెట్టిన చప్పుడైంది.

"ఇది మీరే ఆలోచించారా అల్లుడుగారూ?"

"ఆ ఏముందండీ, చూడగానే తట్టింది."

"నాకు మధ్యాహ్నం దాకా టైమివ్వండి," అన్నారు మామగారు. ఆయన టైము అడగడం అదే మొదటిసారి. ఏఓ ఆ పూట అద్దంలో రెండుసార్లు చూసుకున్నారు. సీటింగ్ ప్లాను గీయలేదు.

జరిగింది ఇది. మంగళవారం సాయంత్రం చీఫ్ అకౌంటెంటు సెలవు కాగితం మీద సంతకం కోసం వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏఓ అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నారు. "మూలనున్న నల్లవి ఐదూ పోయినట్టే. వాటిని కాపాడటం నావల్ల కాదు. రేపొద్దున తీసేస్తాను," అన్నారు. మాట్లాడుతూనే సెల్లుకు సిగ్నలు లేదని వరండాలోకి వెళ్ళారు. ఆమె బల్ల మీద చూసింది. గళ్ళున్నాయి, నలుపూ తెలుపూ ఉన్నాయి. అకౌంట్స్‌లో కుర్చీలు నల్లవి. సేల్స్‌లో తెల్లవి. పక్కన డబ్బా మూతలో అప్పటికే కొన్ని నల్లరాళ్ళున్నాయి.

ఆమెకు సంగతి అర్థమైంది. ఇదే సీటింగ్ ప్లాను. తన మనుషులు ఐదుగుర్ని మూలకు తోసి, చుట్టూ సేల్స్ వాళ్ళను కూర్చోబెట్టి, చోటు చాలదనే వంకతో ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు. ఆమె డబ్బాలోంచి ఒక నల్లరాయి తీసి, వచ్చేనెల చేరబోయే అమ్మాయికని మధ్యలో పెట్టింది. ఒక పక్క ఖాళీ బీరువాకు. రెండో పక్క ఖాళీ మనిషి నడవడానికి.

బుధవారం మధ్యాహ్నం మామగారు ఎత్తు చెప్పారు. ఏఓ తెల్లరాయి పెట్టి, బుర్ర పనిచేయక టీకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి దానికి ఎదురుగా నల్లరాయి ఉంది. ఈసారి పరధ్యానం అనుకోవడానికి వీల్లేదు. ఆయన చేతిలో అప్పటిదాకా టీ గ్లాసుంది.

ఎవరో వస్తున్నారు. ఎవరో చూసి పట్టుకోవాలి. తలుపుకు తాళం వేయాలి. ఏఓ ఈ రెండూ ఆలోచించారు. తర్వాత ఆ నల్లరాయిని ఇంకోసారి చూశారు. మంచి ఎత్తు. ఫోను తీసి, తనదేనని చెప్పారు.

గురువారం ఆయన తలుపు బార్లా తెరిచి ఉంచి, పొద్దుటినుంచి టీకే వెళ్ళారు. తెల్లరాయి పెట్టడం, వెళ్ళడం, రావడం, ఫోన్ చేయడం. అటు అకౌంట్స్‌లో మనిషొకరు వరండాలో కాపలా. తెల్లవాళ్ళు కిటికీవైపు జరిగినప్పుడల్లా చీఫ్ అకౌంటెంటు తనవాళ్ళలో ఒకర్ని తీసుకెళ్ళి అడ్డంగా కూర్చోబెట్టింది. సాయంత్రానికి కిటికీవైపంతా నలుపు.

"అల్లుడుగారూ, నేను రేపు బయల్దేరి వస్తున్నా," అన్నారు మామగారు. గొంతు మారింది. "మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను. మిగతా ఆట ఎదురుగా కూర్చుని ఆడదాం. ఇంటికి కాదు, ఆఫీసుకే వస్తా. బోర్డు అక్కడే కదా."

ఏఓకు వద్దనే దారి కనపడలేదు.

శుక్రవారం ఉదయం సేల్స్ మేనేజరుకు విషయం తెలిసింది. ఆయన ఏఓ గదిలోకి వచ్చి, ఎవర్నీ అడక్కుండా ఒక తెల్లరాయి తీసి బోర్డు నడిమధ్యన టక్కున పెట్టారు. వెనకే చీఫ్ అకౌంటెంటు వచ్చింది.

"అదెవరికండీ?"

"నాకు. మీరు కిటికీలన్నీ దోచేశాక నేనెక్కడ కూర్చోవాలి, మెట్లమీదా?"

"దోచామా? మావాళ్ళు ఐదుగుర్ని ఊస్టింగ్ చేయడానికి చూశారు మీరూ ఈయనా కలిసి!"

"నేనా?" అన్నారు ఏఓ.

"నా చెవులారా విన్నాను. కాపాడటం నావల్ల కాదన్నారు. అందులో ఒకాయనకి పోయినవారమే కవలలు పుట్టారండీ. మీకు గుండె ఎలా ఒప్పింది?"

రెండు సెక్షన్లూ గుమ్మంలో నిండాయి. వాళ్ళను తప్పించుకుని ముందు జీఎం వచ్చారు. ఆయన వెనకే చేతిసంచితో మామగారు వచ్చారు.

జీఎం బోర్డు చూశారు. "సీటింగ్ ప్లాను ఇదేనా?"

ఆట అని ఒప్పుకుంటే ఆఫీసు వేళల్లో ఆడుతున్నట్టు. ప్లాను అంటే మామగారు పక్కనే ఉన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏఓ జీతమిచ్చేవారివైపు తిరిగారు.

"అవును సార్."

మామగారు సంచి కింద పెట్టారు. జీఎం వేలు మూలకు వెళ్ళింది. "ఈ ఐదుగుర్ని తీసేస్తారని ఎవరు చెప్పారు? నాకే తెలీదే."

"ఈయన ఫోన్లో ఎవరితోనో అన్నారు సార్," అంది చీఫ్ అకౌంటెంటు.

"నాతోనేనండి," అన్నారు మామగారు.

"మీరెవరు?"

"ఈయనకి పిల్లనిచ్చిన మామని."

జీఎం ఏఓవైపు చూశారు. "కంపెనీలో ఎవర్ని తీసెయ్యాలో మీ మామగారిని అడుగుతున్నారా?"

ఇక ఏఓ మొత్తం చెప్పేశారు. గో, ఫోను, టీలు, తెరిచిన తలుపు. మామగారు కళ్ళజోడు తుడుచుకుని బోర్డు మీదికి వంగారు.

"నడిమధ్య ఈ తెల్లరాయి నాది కాదే. చెత్త ఎత్తు."

"చెత్తేంటండీ?" అన్నారు సేల్స్ మేనేజరు. "సరిగ్గా దాని నెత్తిన ఏసీ ఉంది!"

మామగారు దాన్ని తీసి పక్కన పెట్టారు. "మరి ఈ నల్లవి పెట్టిందెవరు?"

"నేనే," అంది చీఫ్ అకౌంటెంటు. "ఇది ఆటని నాకేం తెలుసు? నా వాళ్ళకి దారి ఉండాలిగా."

"అమ్మా, ఆటంటే అదే," అన్నారు మామగారు. ఇంకాసేపు చూసి, తెల్లరాళ్ళ డబ్బాకు మూత పెట్టేశారు. "నేను ఓడిపోయాను."

ఏఓ మెల్లగా అడిగారు. "అంటే మామయ్యగారూ... నల్లవి గెలిచినట్టేగా?"

"నల్లవి గెలిచాయి అల్లుడుగారూ. మీరు కాదు."

జీఎం సెల్లు తీసి పైనుంచి బోర్డుకు ఫోటో తీసుకున్నారు. అరగంటలో అది సీటింగ్ ప్లానుగా నోటీసు బోర్డు ఎక్కింది. ఉద్యోగం ఎవరిదీ పోలేదు. ఏఓ నలుపూ కాదు, తెలుపూ కాదు గనక ఆయన బల్ల ఫోటోలో లేదు.

సోమవారం రెండు సెక్షన్లూ పై అంతస్తుకు మారాయి. ఏఓ కిందే ఉన్నారు. ఉదయం తలుపు తెరవగానే ఆఫీసు నంబరుకు మామగారి ఫోను వస్తోంది. ఏఓ దాన్ని పైన అకౌంట్స్‌కు కలుపుతున్నారు.