ఊక బూడిదలో పూసిన వెండి

గొప్పతనం మందం ఎంతో ఈ దేశంలో కొలిచి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. సరిగ్గా అర వెంట్రుక! అంతకన్నా మందంగా పూస్తే తగరం దండగ, పల్చగా పూస్తే లోపలి ఇత్తడి బయటపడుతుంది. నా పేరు చిట్టియ్య. మండపేటలో ఇత్తడి సామాన్లకు కళాయి వేస్తాను. బడి గుమ్మం ఎక్కలేదు గానీ, నేను తిత్తి ఊదని వీధి లేదు.

తొంభై ఆరులో సంగతి. గోదారికి ఎర్రనీళ్ళొచ్చాయి, బజారుకు పులస చేపలు దిగాయి. ఏటా లాగే మా ఊరి రైసుమిల్లర్ల సంఘానికి కొత్త ప్రెసిడెంటు కావలసి వచ్చింది. ఎలక్షన్లూ గిలక్షన్లూ ఉండవు. కుర్చీ కావాలన్న ఆసామి కమిటీని ఇంటికి పిలిచి, వెండి కంచాల్లో పులస పులుసు పెట్టాలి. కమిటీ తింటుంది, తేనుస్తుంది, తీర్మానం చేస్తుంది. అదీ మా రాజ్యాంగం!

పల్లంరాజు గారికి ఆ కుర్చీ మీద పదేళ్ళుగా కన్ను. "మా ఇంట్లో కుక్క కూడా వెండి గిన్నెలోనే తాగుద్దండి" అని మిల్లు మిల్లుకూ చెప్పుకున్నారు. నేను చూసినంతలో ఆ ఇంట్లో వెండిలా మెరిసేది ఆయన జుట్టొక్కటే.

విందుకు ముందురోజు పొద్దున్నే కబురొచ్చింది, దొడ్డిదారిన రమ్మని.

"చిట్టియ్యా! ఇవి పన్నెండు ఇత్తడి కంచాలు. రేపటికి వెండివి అయిపోవాలి" అన్నారు రాజుగారు.

"అయిపోతాయండి. నవాసాగరం జల్లి, తగరం కరిగించి, దూదితో తుడిచేత్తే వెండి సిగ్గుపడాలండి. చివర్లో వేడి కంచాన్ని చటుక్కున నీళ్ళలో ముంచాలి, అంతే!"

ఆయన భార్య రత్తమ్మ గారు గుండె పట్టుకున్నారు. "నీళ్ళలో ముంచితే చుయ్యిమంటది కదరా! ఆ చప్పుడు ఇంటే పక్కింటి పసిపిల్లక్కూడా తెలిసిపోద్ది, కళాయేయిత్తన్నారని!"

"మరి చల్లారేదెలాగండి?"

"మిల్లు వెనకాల వెచ్చటి ఊక బూడిద కొండంత ఉంది. అందులో పాతిపెట్టు!"

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. తగరం గట్టిపడేటప్పుడు గింజలు గింజలుగా గట్టిపడుతుంది. నీళ్ళలో ముంచితే ఏ గింజ ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది, కంటికి ఆనీ ఆననట్టుంటుంది. తీరుబడిగా చల్లారితే మాత్రం పెద్ద గింజ పక్కనున్న చిన్నగింజలోకి గట్టు జరుపుతుంది! మళ్ళీ జరుపుతుంది! అడిగేవాడు లేకపోతే మా పెద్దరైతులు ఏం చేస్తారో అచ్చం అదే. తెల్లారేసరికి కంచమంతా నలుగురైదుగురు ఆసాములదే. పైకి అద్దంలా మెరుస్తుంది, ఏమీ తెలియదు. పులుపు తగిలిందా, సరిహద్దులన్నీ తేలి, మంచు పట్టినట్టు పెద్దపెద్ద పువ్వులు కనబడతాయి.

ఆ మాటే చెప్పాను. "పులుపు తగలకుండా చూసుకోండమ్మా!"

"పులసని పంచదారతో వండమంటావేంట్రా?" అన్నారు రత్తమ్మ గారు.

మర్నాడు మధ్యాహ్నం విందు. ఏమన్నా అవసరం పడితే ఉండమని నన్ను వంటింటి కిటికీ పక్కన నిలబెట్టారు. ముందురోజు వండిన పులుసు, చింతపండు చిక్కగా పట్టి మహాజోరుగా ఉంది. కమిటీ తిన్నది. చేతులు ఎండిపోయేదాకా కబుర్లు చెప్పింది. చివరికి దిగిపోతున్న ప్రెసిడెంటు అప్పాజీ గారు కంచాన్ని వేలితో ఊడ్చి, ఆగిపోయారు. వేలు వెళ్ళిన చోటల్లా పువ్వు! ఒక్కోటి అరచేయంత! నా కంటికైతే తామరాకంత!

రాజుగారి మొహం పాలిపోయింది. కుర్చీ గోదాట్లో కలిసిపోయిందనుకున్నాను.

"ఏంటండి రాజుగారూ ఇది?" అన్నారు అప్పాజీ గారు.

రత్తమ్మ గారే అందుకున్నారు. "నగిషీ అండి. ఒరిస్సాలో కటకం నుంచి తెప్పించాం."

"ఆఁ! చూడగానే అనుకున్నానండి!" అన్నారు అప్పాజీ గారు. "అసలు వెండికే తేలుద్దండి ఈ పువ్వు. మా ఇంట్లోనూ ఉంది గానీ, ఆవగింజంతేనండి."

నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. ఆయన కంచాలకు కళాయి వేసింది నేనే! వాళ్ళ కొబ్బరితోట అవతల, చప్పుడు ఊరికి వినపడకుండా కాలవలో ముంచాను, అందుకే ఆవగింజలు!

"మావి పెసరగింజంత ఉంటాయండి!" అన్నాడొకాయన.

"మావి కందిగింజంత!" ఇంకొకాయన.

అన్నీ నా చేతి గింజలే! అరచేయంత పువ్వు ఇంకెవరింట్లోనూ లేదు గనక పల్లంరాజు గారు ఏకగ్రీవం.

మూలన జీవరాజు గారని ఓ చిన్న మిల్లాయన, అమాయకంగా నోరు జారారు. "మా తాతగారి నాటి కంచాల మీద పువ్వే లేదండి. నున్నగా ఉంటాయి."

అందరూ ఆయనకేసి జాలిగా చూశారు. "ఓసారి ఎవరికన్నా చూపించుకోండి జీవరాజు గారూ," అన్నారు అప్పాజీ గారు, "ఈ రోజుల్లో మోసాలెక్కువైపోయాయి."

మర్నాడు కోడి కూయగానే నా గుమ్మంలో జీవరాజు గారు. ఉత్తరీయం కింద కంచం. గోటితో కొట్టి చూశాను, గుడిగంటలా మోగింది.

"అయ్యబాబోయ్, ఇది అసలు వెండండి!"

"గట్టిగా అనకెహె, ఎవరన్నా ఇంటారు!" అంటూ ఆయన అటూ ఇటూ చూసి, సంచి విప్పారు. నిండా వెచ్చటి ఊక బూడిద. "మొన్న నువ్వు రాజుగారి మిల్లు వెనకాల కంచాలు బూడిదలో పాతావంట, రాత్రే మా కూలోడు చెప్పాడులే. దీని మీద కళాయి పూసెయ్ చిట్టియ్యా. పువ్వు పల్లంరాజు గారి దానికన్నా పెద్దదుండాలి. వచ్చే ఏడు నేనూ నిలబడతన్నా."