నీలం చేసిన ముక్క

సమ్మె మొదలై వారమైంది. యూనివర్సిటీ ఆఫీసుకు తాళం పడింది కాబట్టి పరీక్షల విభాగం సూపరింటెండెంటు ఇమ్మానుయేలుకు ఆ గురువారం ఉదయం రెండే పనులున్నాయి. ఒకటి, కీర్తన పాడి రికార్డు చేసి సంఘ పెద్ద దైవాదీనం గారికి ఇవ్వడం. రెండు, తెలంగాణ పాట పాడి రికార్డు చేసి బిక్షపతికి ఇవ్వడం. మొదటిది ఊరంతా తెలిసినా ఫరవాలేదు. రెండోది దైవాదీనం గారికి తెలిస్తే కొంప మునుగుతుంది.

ఇమ్మానుయేలుది తెనాలి దగ్గర. తార్నాకలో ఇల్లు కట్టుకుని ఇరవై ఆరేళ్లయింది. చర్చి కోయిర్‌లో పన్నెండేళ్లుగా వెనక వరుసలోనే పాడుతున్నాడు. పాత నాయకుడు విజయవాడ వెళ్లిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. ఆ చోటు మీద పెట్టుకున్నంత ఆశ ఆయన ఏనాడూ ప్రమోషన్ మీద కూడా పెట్టుకోలేదు. పదకొండింటికి దైవాదీనం గారింట్లో కమిటీ కూర్చుని, వచ్చిన రికార్డులు విని, నాయకుణ్ణి తేల్చబోతోంది. దైవాదీనం గారిది కృష్ణా జిల్లా. ఉద్యమం పేరెత్తితే ఆయనకు బీపీ లేస్తుంది.

బిక్షపతి రీసెర్చి స్కాలరు. పాట తనే రాశాడు గానీ, నినాదాలిచ్చి ఇచ్చి గొంతు పోగొట్టుకున్నాడు. "సార్, మీ అసుంటి గొంతు క్యాంపస్‌ల ఎవ్వరికి లేదు. మీ పేరు చెప్పను, ఒట్టు. నా రూమ్మేట్‌కి కూడ తెల్వనియ్య" అన్నాడు గుసగుసగా. అంతకంటే పైకి రాదు మరి. పొగిడితే పడిపోవడం ఇమ్మానుయేలుకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

ఆఫీసుకు బయల్దేరుతూ కూతురు జెస్సికా కంప్యూటర్లో సౌండ్ ఎడిట్ చేసే సాఫ్ట్‌వేరు తెరిచిపెట్టింది. "మొత్తం ఒకేసారి రికార్డు చేసెయ్ నాన్నా. కావాల్సిన ముక్కని మౌస్‌తో లాగితే నీలం అవుద్ది. అప్పుడు 'ఎక్స్‌పోర్ట్ సెలెక్షన్' నొక్కు. దాని పైన ఉత్త 'ఎక్స్‌పోర్ట్' అని ఉంటది, అది నొక్కకు."

"ఇరవై ఏడేళ్ల సర్వీసే నాది. నాకు చెబుతున్నావా" అన్నాడు ఇమ్మానుయేలు.

ప్రార్థన చేయకుండా ఆయన హార్మోనియం మూత తీయడు. మైకు ఆన్‌లోనే ఉంది. ఆ ముక్క ఎలాగూ పోతుంది కదా అని కళ్లు మూసుకుని, మనసులో ఉన్నదంతా పేరుపేరునా దేవుడికి చెప్పుకున్నాడు. ఆ తర్వాత కీర్తన, ఆ తర్వాత తెలంగాణ పాట పాడాడు. వంటింట్లో భార్య రత్నమ్మ పప్పుకు పోపు వేస్తోంది.

ఆఫీసులో ఆయనకొక పద్ధతి ఉంది. ఎంత లావు ఫైలైనా, పంపాల్సిన పేరా చుట్టూ నీలం పెన్సిల్‌తో గీసి టైపిస్టు రాజన్న బల్ల మీద పడేస్తాడు. రాజన్న ఆ పేరా ఒక్కటే టైపు చేసి తెస్తాడు. ఇన్నేళ్లలో ఒక్క అక్షరం ఎక్కువ రాలేదు. కంప్యూటరు రాజన్న కంటే తెలివైనదని లోకమంతా అంటోంది. అందుకని ఇమ్మానుయేలు కీర్తనను నీలం చేసి, పైన కనబడ్డ 'ఎక్స్‌పోర్ట్' నొక్కి నల్ల పెన్‌డ్రైవ్‌లో వేశాడు. తెలంగాణ పాటను నీలం చేసి, మళ్లీ అదే నొక్కి ఎర్ర పెన్‌డ్రైవ్‌లో వేశాడు. సరిచూసుకుందామంటే తొమ్మిదయింది, కరెంటు పోయింది.

రెండూ తారుమారయ్యాయని మీరు అనుకుంటే పొరపాటు. ఇమ్మానుయేలు క్రమశిక్షణ గల మనిషి, ఎవరిది వాళ్లకే అందజేశాడు. తారుమారై, ఒక్కోదాంట్లో ఒక్కో పాటే ఉంటే సగం పరువైనా మిగిలేది. రెండింట్లోనూ మొదటి దగ్గు నుంచి చివరి దాకా అంతా ఉంది.

పదకొండింటికి, తన పాట తనే వినాలన్న ముచ్చట ఆపుకోలేక, క్యాంపస్‌లో టీ బండి వెనక మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నాలుగైదు వందల మంది విద్యార్థులున్నారు. బిక్షపతి లాప్‌టాప్ మీట నొక్కాడు.

"పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నాయి స్పీకర్లు.

సభల్లో మౌనం పాటించడం అలవాటైన పిల్లలు కాబట్టి అందరూ లేచి తలలు వంచారు. ఇమ్మానుయేలు చేతిరుమాలు కళ్ల దాకా లాక్కున్నాడు.

"బిక్షపతి గైడు మనసు మెత్తబరచు ప్రభువా. ఆ థీసిస్ ఆరేళ్లుగా ఆయన బల్ల మీదే ఉంది. ఈ పిల్లలు లాఠీలకు ఎదురు పోతున్నారు, వాళ్ల వీపులు కాపాడు. తెలంగాణ ఇస్తావో మానతావో నీ చిత్తం. నా రిటైర్మెంటు అయ్యేదాకా మాత్రం ఏదీ తేల్చకు."

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు చివరి వరుస దాకా పాకింది. "ఎవలన్నా ఈయన? కడుపుల ఉన్నది ఉన్నట్టే చెప్తుండు" అన్నాడొకడు.

"దైవాదీనం గారికి సంగీతం తెలియదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఒక్కరోజుకు ఆయన చెవులు తెరువు తండ్రీ. ఆమెన్."

అలవాటు ఎంత పని చేస్తుందంటే, టీ బండి వెనక నుంచి ఇమ్మానుయేలు కూడా "ఆమెన్" అన్నాడు, అదే గొంతుతో, గట్టిగా. ఐదు వందల తలలు అటు తిరిగాయి.

బిక్షపతి పరుగెత్తుకొచ్చాడు. "ఒట్టు సార్, నేను చెప్పలే. మీరే చెప్పుకున్నరు."

"అది వదిలెయ్ నాయనా. నల్లదాంట్లో కూడా ఇదే ఉంటే నేను చచ్చాను. తార్నాక పోవాలి."

ఆటోలు లేవు. జెండా కట్టిన బిక్షపతి బండి మీద, ఆ జెండా ముఖానికి కొట్టుకుంటుండగా, ఇమ్మానుయేలు దైవాదీనం గారి గుమ్మం ముందు దిగాడు. లోపల తెలంగాణ పాట మోగుతోంది. కమిటీ నలుగురూ కదలకుండా కూర్చున్నారు.

"రండి, ఇమ్మానుయేలు గారూ. మీ ప్రార్థన విన్నాం" అన్నారు దైవాదీనం గారు. "నాకు సంగీతం తెలీదని ముప్పై ఏళ్లలో ఎవరూ అనలేదండి. మీరూ నాతో అనలేదనుకోండి, పైవాడితో అన్నారు."

"అయ్యా, క్షమించండి."

"అబ్బే, పని జరిగింది. చెవులు తెరుచుకున్నాయి. ఇది వినండి" అంటూ ఆయన సౌండు పెంచారు.

ఇమ్మానుయేలు గొంతు వెనక, పోపు చిటపటల మధ్య, ఒక ఆడగొంతు వినిపించింది. ఆయన వదిలేసిన ప్రతి చరణం చివరా అందుకుని, పైకి తీసుకెళ్లి, మెల్లగా దించుతోంది. హార్మోనియం మోతలో, తన గొంతు మీద తనకున్న మమకారంలో ఇమ్మానుయేలు దాన్ని వినలేదు. ఇప్పుడు విన్నాడు. పన్నెండేళ్ల ఆశ పోయిందని అర్థమైంది. అయినా పాట అయ్యేసరికి కళ్లు తడిశాయి, అది మాత్రం సంతోషంతోనే.

బిక్షపతి ఫోను మోగింది. విని, గుమ్మంలోంచే అడిగాడు. "సార్, ఎనకనుంచి పాడిన ఆ అమ్మ ఎవరట? గాడ అందరు గదే అడుగుతున్నరు."

"మేమూ అదే అడుగుతున్నామయ్యా" అన్నారు దైవాదీనం గారు. "మీ పాటలో మాటలు నాకు నచ్చలేదు గానీ, వరస బావుంది. క్రిస్మస్‌కి మా మాటలు పెట్టుకుంటాం."

"పెట్టుకోండ్రి సార్. వరస కాడ లొల్లేం లేదు."

ఇంటికెళ్లి చెబితే రత్నమ్మ తెల్లబోయింది. "నేను పాడానా? మీరు శ్రుతి తప్పుతుంటే ఆగలేక కాస్త ఎత్తుకున్నానండీ, అంతే."

ఆదివారం ఇమ్మానుయేలు వెనక వరుసలోనే నిలబడ్డాడు. కోయిర్ కొత్త నాయకురాలు ఒకసారి చెవి పెట్టి విని, ఆయన్ని ఇంకో రెండడుగులు వెనక్కి జరగమంది.